మూడు నెలలుగా ‘ఈరోజే’ అమ్మకానికి వస్తున్న ఫ్లాటు

ఇళ్లు, స్థలాల అమ్మకాల యాప్ ఒకదాన్ని డబ్బు కట్టి మూడు నెలలు వాడాను. పేరు రాయడం లేదు. మా తోడల్లుడు వాడిన మరో యాప్‌లోనూ ఇదే తంతు కాబట్టి పేరు తెలిసి ఒరిగేదీ లేదు. 5 నక్షత్రాలకు 2 ఇస్తున్నాను. ఆ రెండూ ఎందుకు ఇచ్చానో ముందు చెప్పేస్తే, బిగబట్టిన మూడింటి సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మా అమ్మాయికి విజయవాడ బదిలీ అయింది. అద్దె ఇంట్లో ఉంటానంది, వాళ్లమ్మ ఒప్పుకోలేదు. పటమట, మొగల్రాజపురం ధరలు మా చేతికి అందేవి కావు. గుణదల, సత్యనారాయణపురం, సింగ్‌నగర్, పాయకాపురం చుట్టుపక్కల రెండు పడక గదుల పాత ఫ్లాటు 45 లక్షల లోపు దొరికితే చాలనుకున్నాం. ఇంత ఇరుకైన కోరికకు యాప్ బాగానే పనికొచ్చింది. తూర్పు ముఖం కావాలంటే తూర్పు ముఖమే చూపించింది, లిఫ్టు లేనివాటిని పక్కన పెట్టింది. మ్యాపు మీద చూస్తే రైలు పట్టాలకు ఎంత దూరమో తెలిసిపోయింది. (పట్టాల పక్కనే బతికినవాణ్ణి, నాకు బండి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు, అమ్మాయికి ఉంటే పట్టదు.) స్కూటరు మీద సందుసందూ తిరిగే పని తప్పించినందుకు ఒక నక్షత్రం. కొందరు యజమానుల నంబర్లు నేరుగా దొరికి, మధ్యవర్తికి ఇవ్వవలసిన శాతం మిగిలినందుకు ఇంకొకటి.

ఇక మిగిలిన మూడు. ప్రతి ప్రకటన కిందా బూడిద రంగులో సన్నటి అక్షరాలతో ఒక మాట ఉంటుంది. ‘ఈరోజే’, ‘నిన్న’, ‘2 రోజుల క్రితం’. నా గొడవంతా ఆ మాటతోనే.

నేను రైల్వే గూడ్స్ షెడ్లలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అక్కడ బతుకంతా టైముతోనే. సిమెంటో, ఎరువులో, బియ్యమో వ్యాగన్లలో వచ్చి షెడ్డు దగ్గర ప్లేస్ అయిన టైము రిజిస్టరులోకి ఎక్కుతుంది. సరుకు దించుకోవడానికి పార్టీకి ఇన్ని గంటలని ఉచిత గడువు ఉంటుంది. అది దాటితే వ్యాగన్‌కు గంటకు ఇంత చొప్పున డెమరేజి. దించిన సరుకు తీసుకెళ్లకుండా షెడ్డులోనే వదిలేస్తే దానికి వేరే వార్ఫేజి. ‘ఒక్క అరగంట ఇటు జరపండి సార్’ అని బతిమాలని పార్టీని నేను చూడలేదు. ఎప్పుడూ జరపలేదు. పుణ్యాత్ముణ్ణని కాదు, అదే టైము యార్డు వాళ్ల పుస్తకంలోనూ ఉంటుంది, రెండూ కలవకపోతే నా మెడకే చుట్టుకుంటుంది.

అలాంటివాడికి ‘2 రోజుల క్రితం’ అని కనిపిస్తే ఆ ఫ్లాటు రెండు రోజుల క్రితమే అమ్మకానికి వచ్చిందని అనిపించడంలో తప్పేముంది? నచ్చిన ఫ్లాట్లన్నిటినీ పాత అలవాటు కొద్దీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను. 17 ఆగస్టు 2025, ఆదివారం, మొదటి పేజీ. నేను మొదట చూసిన తేదీ, యాప్ చూపించిన తేదీ, ప్రకటన నంబరు, అడుగుతున్న ధర, అంతస్తు, ముఖం. చివరి గడిలో ఏదో ఒక ఆనవాలు: ‘పచ్చ గ్రిల్లు’, ‘మూడు రెక్కల్లో ఒకటి వంగిన ఫ్యాను’. ఆనవాలు ఎందుకంటే, ఒకే ఫ్లాటును నలుగురు మధ్యవర్తులు నాలుగు ధరలకు, నాలుగు నంబర్లతో పెడతారు. ఫ్యాను రెక్క మాత్రం నాలుగింటిలోనూ ఒకే చోట వంగి ఉంటుంది.

సెప్టెంబరు వచ్చేసరికి నోట్‌బుక్‌లో వింతలు కనబడ్డాయి. ఆగస్టు 20న ‘5 రోజుల క్రితం’ అని ఉన్న ఒక ఫ్లాటు సెప్టెంబరు 6న ‘నిన్న’ అయింది. నెలాఖరుకు ‘ఈరోజే’ అయింది. రోజులు గడిచేకొద్దీ వయసు తగ్గే వరం మనుషులకు లేదు, బెజవాడ ఫ్లాట్లకు ఉంది. నవంబరు మధ్యలో పుస్తకం మూసేనాటికి నేను ఎక్కించిన 41 ఫ్లాట్లలో 23 కనీసం ఒక్కసారైనా ఇలా పసిపిల్లలయ్యాయి. ఒకటి ఆరుసార్లు పుట్టింది.

అసలు విడ్డూరం పాయకాపురం ఫ్లాటుది. దసరా సెలవుల్లో అమ్మాయి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని ఫొటోలు చూస్తున్నాం. మా ఆవిడ ఏ ఇంటి ఫొటోల్లోనైనా చూసేది వంటగట్టు ఒక్కటే. వంటగట్టు దగ్గర ఆగి, పక్కనున్న ఫ్రిజ్జు వైపు బొమ్మను పెద్దది చేసింది.

“ఏమండీ, ఈ కేలండరు చూడండి.”

ఫ్రిజ్జు పక్కన గోడకు పెద్ద అంకెల తెలుగు కేలండరు. నెల పేరు మీద ట్యూబులైటు మెరుపు పడి కనబడటం లేదు. అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మంగళవారం వరుసలో 9 ఎర్రగా ఉంది. బుధవారం వరుసలో 17 ఎర్రగా ఉంది.

“ఆదివారం కాకుండా 9 ఎరుపు, మళ్లీ ఎనిమిది రోజులకు 17 ఎరుపు. ఇది ఉగాది, అది శ్రీరామనవమి. ఈ ఏడు ఉగాది మార్చి 30, ఆదివారం కదా వచ్చింది? ఇది నిరుటి కేలండరు. క్రోధి ఉగాది. ఏప్రిల్ 2024.”

ప్రకటన కింద ‘2 రోజుల క్రితం’ అని ఉంది.

ఫొటో పాతదైనంత మాత్రాన ప్రకటన పాతదని చెప్పలేమని నేను వాదించాను. అప్పుడెప్పుడో తీసిన ఫొటోలు ఇప్పుడు పెట్టి ఉండవచ్చు కదా అన్నాను. “అయితే వెళ్లి చూసి రండి” అంది. వాదనలో ఓడిపోయేటప్పుడు నాకు పడే శిక్ష సాధారణంగా ఇదే.

అయినా వెళ్లవలసిన కారణం ఇంకొకటి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏప్రిల్ 2024కూ ఇప్పటికీ మధ్య సెప్టెంబరు 2024 ఉంది. ఆ నెల మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవల్లో పాల ప్యాకెట్లు పంచిన రోజులవి. ఆ ఫ్లాటు ఫొటోలు వరదకు ముందువి. ‘2 రోజుల క్రితం’ అనే మాట నమ్మి చూసేవాడికి అవి వరద తర్వాతి గోడల్లాగే కనిపిస్తాయి.

వాచ్‌మన్ పెద్దాయన సెల్లారులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడకు నా ఛాతీ ఎత్తు వరకు ఒక రంగు, పైన కొంచెం వెలిసిన మరో రంగు. నేను అడగకుండానే లేచి, రెండు రంగులూ కలిసేచోట అరచెయ్యి ఆనించి చూపించాడు. “ఇక్కడిదాకా సార్. మోటారు పోయింది, బళ్లు పోయాయి. పైకి మాత్రం ఎక్కలేదు.” ఫ్లాటు మొదటి అంతస్తులోనే ఉంది, నిజంగానే నీళ్లు తగల్లేదు. ఇంటిమీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన చెప్పిన మిగతా కథ వినండి.

యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. 2024 వేసవిలో ఎన్నికల ముందు 36 లక్షలకు అమ్మకానికి పెట్టాడు. జూన్‌లో ప్రభుత్వం మారింది, అమరావతి మళ్లీ లేస్తుందన్న మాట ఊరంతా పాకింది, 44 అన్నాడు. సెప్టెంబరులో నీళ్లొచ్చాయి, ఆర్నెల్లు చూడటానికి వచ్చిన మనిషి లేడు, 38కి దిగాడు. ఇప్పుడు మళ్లీ 42. “వారానికొకరు వస్తారు సార్, కొత్తగా పెట్టారట కదా అని ఫోను చూపిస్తారు. నేనేం చెప్పను?”

ఏడాదిన్నర. నాలుగు ధరలు. మధ్యలో ఒక వరద. కొనేవాడికి కావలసిన ఈ చరిత్ర అంతా నేను డబ్బు కట్టిన యాప్‌లో లేదు, నేను ఒక టీ మాత్రమే ఇప్పించిన వాచ్‌మన్ దగ్గర ఉంది.

మరునాడు యాప్ వాళ్ల సహాయ కేంద్రానికి ఫోను చేశాను. అక్కడ ఫోను ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ తేదీ అంటే ఏమిటమ్మా అని అడిగితే, యజమాని గానీ మధ్యవర్తి గానీ ప్రకటనను చివరిసారి తాజా చేసిన తేదీ అంది. మొదట పెట్టిన తేదీ మీ కంప్యూటర్‌లో ఉంటుంది కదా అన్నాను. ఉంటుందండీ అంది. మరి చూపించరేం? “అది అమ్మేవారి సమాచారం సార్.” నేను కట్టిన డబ్బు మరి ఎవరి సమాచారానికి? ఆ అమ్మాయినేమీ అనలేదు, ఆమె రాసిపెట్టిన నిబంధన కాదు.

మా మేనల్లుడు డాలస్ దగ్గర ఇల్లు కొన్నప్పుడు ఈ రోజుల లెక్క గురించే గంటసేపు చెప్పాడు. అప్పుడు సగం చెవులతో విన్నాను, ఇప్పుడు నేనే ఫోను చేసి మళ్లీ చెప్పించుకున్నాను. అక్కడ ఒక ప్రాంతపు బ్రోకర్లందరూ కలిసి నడుపుకునే ఉమ్మడి జాబితా ఉంటుందట, ఎం.ఎల్.ఎస్. అంటారు. ఇల్లు అందులో ఎక్కిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. కొనేవాడితో ఒప్పందం కుదిరాక సాధారణంగా ఆ లెక్క ఆగుతుంది. అక్కడా మనలాంటి మహానుభావులు ఉన్నారు. ఎంతకీ అమ్ముడుపోని ఇంటిని జాబితాలోంచి తీసేసి, కొత్త నంబరుతో మళ్లీ పెట్టి, సున్నా నుంచి మొదలుపెట్టించుకునేవారు. దానికి విరుగుడుగా చాలాచోట్ల రెండో లెక్క పెట్టారు. నంబరు మారినా అది పాత రోజుల్ని కూడా కలుపుకుంటూ పోతుంది. ఇల్లు నిర్ణీత కాలం పాటు పూర్తిగా జాబితా బయట ఉంటే తప్ప ఆ రెండో లెక్క చెరిగిపోదు. ఎన్ని రోజులన్నది ఒక్కో సంస్థ నియమాన్ని బట్టి మారుతుంది. “ఎక్కువ రోజులున్న ఇల్లయితే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది మామయ్యా” అన్నాడు.

తమాషా ఏమిటంటే, టెక్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం లేదట. అంటే అక్కడ ధర గుట్టు, రోజులు రట్టు. మనకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీస్తే దస్తావేజులో రాసిన విలువ ఎవరికైనా కనబడుతుంది. ఆ అంకె ఎంతవరకు నిజమో బెజవాడలో ఎవరూ ఎవరినీ అడగరు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. పోరంకిలో మా బావమరిదికి 200 గజాల స్థలం ఉంది. ఆయన ఊళ్లో లేడు కాబట్టి అదే యాప్‌లో అమ్మకానికి నేనే పెట్టాను. నలభై రోజులైనా ఒక్క ఫోను లేదు. యాప్ తరఫున ఒక కుర్రాడు ఫోను చేసి, “మీది పాతబడి కిందికి వెళ్లిపోయింది సార్, తాజా మీట నొక్కండి, పైకి వస్తుంది” అన్నాడు. నొక్కాను. ఆ రోజు 11 ఫోన్లు వచ్చాయి, వాటిలో 6 మధ్యవర్తులవి. వారం తిరిగేసరికి మళ్లీ నొక్కాను. 34 ఏళ్లు అరగంట జరపనివాణ్ణి ఒక్క వేలితో నలభై రోజులు జరిపాను. యార్డు పుస్తకం లేని చోట నా నిజాయితీ ఎంతో తేలిపోయింది. అందుకే మనుషుల్ని మారమని చెప్పడం దండగ. రెండో పుస్తకం ఉండాలి. మొదట పెట్టిన తేదీ, ఎన్నిసార్లు తాజా చేశారు, ధర ఎప్పుడెప్పుడు ఎంత మారింది, ఫొటోలు ఎప్పుడు ఎక్కించారు. అంతా వాళ్ల కంప్యూటర్‌లో ఉన్నదే, కొత్తగా కనిపెట్టవలసింది లేదు. తాజా మీట ఉంచుకోనివ్వండి, దాని పక్కన పుట్టిన తేదీ కూడా ఉంచమంటున్నాను.

కొత్త అపార్ట్‌మెంట్ల విషయంలో కొంత నయం. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం మరీ చిన్నది కాని ప్రాజెక్టు నమోదు కావాలి, ఎన్ని ఫ్లాట్లు బుక్కయ్యాయో బిల్డరు మూడు నెలలకొకసారి రెరా వెబ్‌సైటులో చెప్పాలి. ‘రెండే మిగిలాయి’ అని బ్రోచరులో చదివి, అక్కడికి వెళ్లి సరిచూసుకోవచ్చు. చేతులు మారే పాత ఫ్లాటుకు అలాంటి తేదీల పట్టీ ఎక్కడా లేదు. పుట్టు పూర్వోత్తరాలకు ఈసీ ఉంది గాని, అమ్మకానికి నిలబడిన రోజుల లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు.

రోజులు ఎక్కువైనంత మాత్రాన ఫ్లాటు చెడ్డదని నేను అనను. మన దగ్గర ఆషాఢం ఒకటుంది, పుష్యం ఒకటుంది, మధ్యలో మూఢాలు. ఆ రోజుల్లో చూడటానికి వచ్చినవాడు కూడా ‘నెల పోయాక మాట్లాడుకుందాం’ అని మజ్జిగ తాగి వెళ్లిపోతాడు. గూడ్స్ షెడ్డులో ఉచిత గడువు ఇచ్చినట్టు ఆ రోజులు మినహాయించాలి. కొన్ని దక్షిణ ముఖమన్న ఒక్క కారణానికే నిలబడిపోతాయి. పట్టింపు లేనివాడికి అవి చవక బేరం. ఎక్కువ రోజులు ఉందంటే ఎందుకని ఒక ప్రశ్న వేయడానికి వీలు దొరుకుతుంది, అంతే. సత్యనారాయణపురంలో ఒక ఫ్లాటు ఫొటోల్లో అద్దంలా ఉంది, ధర తక్కువ, అయినా నా పుస్తకంలో ఎనిమిది వారాలుగా కదలలేదు. ఎందుకని తవ్వితే అది మంజూరైన ప్లానులో లేని అంతస్తు, ఏ బ్యాంకూ అప్పు ఇవ్వడం లేదు. యాప్‌లో ఆ ఫ్లాటు కింద ‘ఈరోజే’ అని, పక్కన ‘త్వరపడండి’ అని ఉంది. దాని మాట విని త్వరపడినవాడి గతి ఏమయ్యేదో.

ఇంకో నాలుగు ఫ్లాట్లయితే అమ్ముడైపోయి కూడా యాప్‌లో తాజాగా ఉన్నాయి. ఫోను చేస్తే ‘అది నిన్ననే అయిపోయింది సార్, అలాంటిదే ఇంకొకటి చూపిస్తాను’ అంటారు. అమ్మకం మొదలైన రోజు అబద్ధం, ముగిసిన రోజు అసలు లేనే లేదు. ప్లేస్‌మెంటు, రిలీజు రెండూ లేని వ్యాగన్ రిజిస్టరును మా ఇన్‌స్పెక్టరు చూస్తే కిటికీలోంచి విసిరేసేవాడు.

చివరికి మేం కొన్నది గుణదలలో, ఆ యాప్‌లోనే చూసిన ఫ్లాటు. ఆగస్టు 24న 46 లక్షలన్నారు. యజమాని నాలుగుసార్లు తాజా చేశాడు, అక్టోబరుకు 44 అన్నాడు. బేరానికి కూర్చున్నప్పుడు, ‘ఇప్పుడే పెట్టాను, చాలామంది అడుగుతున్నారు’ అని మొదలుపెట్టాడు. నేను నోట్‌బుక్ తీసి ఆయన పేజీ ఆయన ముందు పెట్టాను. నాలుగు తేదీలూ చూసి కళ్లజోడు సవరించుకుని, “మీరు ఇన్‌కంటాక్సు వారా?” అన్నాడు. కాదు, గూడ్సు అన్నాను. నవ్వేశాడు. నవంబరు నెలాఖరుకు మూఢం వస్తోంది, అది వస్తే ఆయనకు మళ్లీ ఫిబ్రవరి దాకా ఎదురుచూపే. 42కు కుదిరింది. కార్తీకంలోనే రిజిస్ట్రేషను అయిపోయింది.

ఈ మాటలు రాయడానికి యాప్ తెరిస్తే మా ఫ్లాటే కనబడింది. అదే పచ్చ గ్రిల్లు, అదే బాల్కనీ, ఎవరో మధ్యవర్తి నంబరు, 47 లక్షలు, ‘నిన్న’. ఉండబట్టలేక ఫోను చేశాను.

“చాలా కొత్తది సార్, ఇంకా ఎవరికీ చూపించలేదు. ఎప్పుడు వస్తారు? తాళం చెవి నా దగ్గరే ఉంది.”

తాళం చెవి నా జేబులో ఉంది. ఆదివారం పదింటికి వస్తానని చెప్పాను.